ముందు ఆట, తర్వాత పుస్తకం: బడి పిల్లల రోజులో వ్యాయామాన్ని ఎలా అమర్చాలి

జూన్‌లో బడి తెరిచిన మొదటి వారంలోనే ఎవరో ఒక తల్లో తండ్రో గ్రౌండ్ దగ్గరికి వస్తారు. "మేడం, మావాడు ఈ ఏడు టెన్త్. ఈ ఒక్క సంవత్సరం వాణ్ణి ఆటలకి పిలవకండి. పరీక్షలయ్యాక ఎంతైనా ఆడుకోనివ్వండి" అంటారు. పిల్లల మీద ప్రేమతోనే అడుగుతారు. ఇరవై ఏళ్లుగా హైస్కూలు పిల్లలకు ఆటలు నేర్పిస్తున్నాను కాబట్టి ఆ భయం నాకు బాగా తెలుసు. కానీ ఆట మాన్పిస్తే చదువు పెరుగుతుందన్న లెక్క తప్పు. సరైన సమయంలో, సరైన మోతాదులో ఆడిన పిల్లలకు ఆ తర్వాత పుస్తకం ముందు కూర్చున్న గంట బాగా పని చేస్తుంది. అదెలా అమర్చాలో వరుసగా చెబుతాను. ఆరు నుంచి పదో తరగతి దాకా చదివే పిల్లలున్న ఇల్లు దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. ఇంకా చిన్నవాళ్లకూ చాలావరకు ఇదే పనికొస్తుంది.

మొదట ఒక వారం లెక్క రాయండి

పాత నోటుబుక్కు ఒకటి తీసుకుని, మీ పిల్లలు రోజుకు ఎన్ని నిమిషాలు నిజంగా ఒళ్లు కదిలించారో ఏడు రోజులు రాయండి. స్కూలు బస్సులో కూర్చున్న ముప్పావు గంట లెక్కలోకి రాదు. టైంటేబుల్లో గేమ్స్ అని ఉన్నంత మాత్రాన ఆ పీరియడ్‌నీ కలపకండి. ఆ పీరియడ్ లెక్కల సారు తీసుకున్నారా, గ్రౌండ్‌లోకి వెళ్లారా అని పిల్లల్నే అడగండి. గ్రౌండ్‌లోకి వెళ్లినా క్రికెట్‌లో బౌండరీ దగ్గర నిలబడి తన బ్యాటింగ్ కోసం ఎదురుచూసిన సమయాన్ని తీసేయండి.

5 నుంచి 17 ఏళ్ల పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలు, ఊపిరి వేగంగా ఆడేంతగా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. వారంలో కనీసం 3 రోజులు పరుగు, గెంతడం, ఎక్కడం, బరువు లాగడం లాంటివి ఉండాలి. ఎముకలూ కండరాలూ గట్టిపడేది వాటితోనే. 2016 నాటి లెక్కల ప్రకారం ప్రపంచంలో 11 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో నూటికి 81 మంది ఈ గంట కూడా కదలడం లేదు. ఆడపిల్లల్లో అయితే 85 మంది. కాబట్టి మీ నోటుబుక్కులో 15, 20 నిమిషాలే కనబడితే కంగారు పడకండి, పిల్లల్ని తిట్టకండి. అక్కడి నుంచి మొదలుపెట్టి వారానికి పది నిమిషాల చొప్పున పెంచండి. ఆ గంట ఒకేసారి కానక్కర్లేదు. పొద్దున ఇరవై, సాయంత్రం నలభై చేసినా సరిపోతుంది.

ఆటను చదువుకు ముందు పెట్టండి

ఈ వ్యాసంలో ఒక్క పనే చేయగలిగితే ఇది చేయండి. మన ఇళ్లలో "హోంవర్క్ అయిపోతే ఆడుకోవచ్చు" అంటాం. ఆ వరుసను తిప్పేయండి.

అమెరికాలో ఇలినాయ్ యూనివర్సిటీలో చార్లెస్ హిల్‌మన్ బృందం 2009లో 9, 10 ఏళ్ల పిల్లల మీద ఒక పరీక్ష చేసింది. ఒక రోజు 20 నిమిషాలు ట్రెడ్‌మిల్ మీద చురుగ్గా నడిపించారు, ఇంకో రోజు ఊరికే కూర్చోబెట్టారు. రెండు రోజులూ ఒకే రకం పరీక్షలు పెట్టారు. చుట్టూ ఉన్న గుర్తులు తికమక పెడుతున్నా మధ్యలో ఉన్నదాన్ని మాత్రమే చూసి జవాబు చెప్పడం అందులో ఒకటి. నడిచిన రోజున పిల్లలు తక్కువ తప్పులు చేశారు, చదివింది అర్థం చేసుకునే పరీక్షలోనూ మెరుగ్గా చేశారు. అనవసరమైనదాన్ని పక్కకు నెట్టి కావలసినదాని మీద దృష్టి నిలపడం నుదుటి వెనక ఉండే మెదడు భాగం పని. ఒళ్లు కదిలినప్పుడు ఆ భాగానికి చురుకునిచ్చే డోపమైన్, నార్‌అడ్రినలిన్ లాంటి రసాయనాలు పెరుగుతాయి. హోంవర్క్ చేస్తూ చేస్తూ కిటికీలోంచి బయటికి చూసే పిల్లవాడికి అందాల్సింది అదే.

ఆ ప్రయోగంలో ఇంకో చిన్న విషయం ఉంది, ఇంట్లో మనకు పనికొచ్చేది. నడక ఆపగానే పరీక్ష పెట్టలేదు. గుండె వేగం దాదాపు మామూలుకు వచ్చేదాకా ఆగారు. మీరూ అలాగే చేయండి. ఆట నుంచి రాగానే పుస్తకం చేతికివ్వకుండా స్నానం చేయమనండి, ఓ గ్లాసు మంచినీళ్లివ్వండి. పదిహేను, ఇరవై నిమిషాల్లో చెమట ఆరి, ఊపిరి కుదుటపడుతుంది. అప్పుడు కూర్చోబెట్టి, అన్నిటికంటే ముందు కష్టమైన సబ్జెక్టు తీయించండి. చూచిరాత, బొమ్మలకు రంగులు, ప్రాజెక్టు అంటించడం లాంటివి నిద్రొచ్చే వేళకు వదిలేయండి.

బడి నుంచి 4.45కి వచ్చే పిల్లలకు నేను చెప్పే వరుస ఇది. రాగానే అరటిపండో, పల్లీపట్టీయో, ఉడికించిన గుడ్డో తినాలి. 5.15 నుంచి 6 దాకా ఆట. స్నానం. 6.20కి లెక్కలు లేదా సైన్సు.

స్టడీ అవర్స్ అయ్యేసరికి రాత్రి ఏడో ఎనిమిదో అయ్యే స్కూళ్లలో చదివే పిల్లలకు సాయంత్రం మిగలదు. వాళ్లకు పొద్దున చదువుకు కూర్చునే ముందు పదిహేను నిమిషాలు డాబా మీద స్కిప్పింగ్ పెట్టండి, ఆదివారం రెండు పూటలా ఆడనివ్వండి. హాస్టల్లో ఉన్న పిల్లలైతే పొద్దున అరగంట గ్రౌండ్‌లోకి వదలమని వార్డెన్‌ను అడగండి. ఒక్కరే అడిగితే నవ్వి పంపించేస్తారు. నలుగురైదుగురు తల్లిదండ్రులు కలిసి వెళ్లండి. వచ్చే ఏడు స్కూలు మార్చే ఆలోచనలో ఉంటే, ర్యాంకుల బోర్డు చదివే ముందు గ్రౌండ్ ఎక్కడుందో చూపించమనండి.

బుర్ర పెట్టాల్సిన ఆటలు ఎంచుకోండి

ఒకే దారిలో రౌండ్లు కొట్టడం గుండెకు మంచిదే. కానీ పిల్లల మెదడుకు ఇంకాస్త ఎక్కువ ఇచ్చేవి మలుపులున్న ఆటలు. జర్మనీ పరిశోధకులు 9, 10 ఏళ్ల పిల్లల్ని మూడు జట్లు చేసి, వారానికి మూడుసార్లు, 45 నిమిషాల చొప్పున, 10 వారాలు నడిపిన ప్రయోగం ఒకటి 2016లో వచ్చింది. ఒక జట్టు ఊపిరి పెంచే వ్యాయామం చేసింది, ఇంకొకటి ఒంటి సమన్వయం కావలసిన వ్యాయామాలు చేసింది, మూడోది హోంవర్క్ చేసుకుంది. విన్న అంకెల్నీ అక్షరాల్నీ మనసులో పట్టుకుని సర్ది చెప్పే శక్తి వ్యాయామం చేసిన రెండు జట్లలోనూ పెరిగింది, సమన్వయం జట్టులో మరింత పెరిగింది. నోటి లెక్క చేసేటప్పుడు మధ్యలో వచ్చిన అంకెను గుర్తుపెట్టుకోవడానికి వాడేది ఆ శక్తినే.

ఆ రకం వ్యాయామాల కోసం కోచింగ్‌కు డబ్బు కట్టనక్కర్లేదు, మన వీధుల్లో ఎప్పటినుంచో ఉన్నాయి. తొక్కుడుబిళ్లలో ఒంటికాలి మీద బ్యాలెన్స్, గీత తొక్కకుండా చూపు, ఏ గడి ఎవరిదో జ్ఞాపకం, మూడూ ఒకేసారి కావాలి. ఏడు పెంకులాటలో పెంకులు పేర్చాలా, బంతి తప్పించుకోవాలా అన్నది క్షణంలో తేల్చుకోవాలి. నేల-బండలో దొంగ నేల కోరుకున్నాడా, బండ కోరుకున్నాడా అన్నదాన్ని బట్టి నియమం తిరగబడుతుంది. ఖోఖోలో వీపు మీద తట్టగానే ఎటు లేవాలో తెలియాలి. కబడ్డీలో ఊపిరి బిగబట్టి, కూత ఆపకుండా, ఏడుగురి కదలికలు చూడాలి. ఇంతకంటే మంచి ఏకాగ్రత క్లాసు నాకు తెలియదు.

ఇంట్లో ఇద్దరే పిల్లలుంటే అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో సుద్దముక్కతో ఒక గీత గీయండి. ఇటు ఒడ్డు, అటు ఏరు. మీరు "ఏరు" అంటే అటు గెంతాలి. రెండు నిమిషాలయ్యాక నియమం మార్చండి, "ఏరు" అంటే ఒడ్డు మీదికి రావాలి. అలవాటైన పనిని ఆపుకుని కొత్తది చేయడం పిల్లల మెదడుకు చాలా కష్టం, అందుకే అది మంచి సాధన. మా ఆరో తరగతి పిల్లలు మొదటి రోజు అందరూ తప్పుతారు. నెల తిరిగేసరికి నన్నే తప్పించేంత వేగం వస్తుంది.

ఎంత గట్టిగా ఆడాలో మాటతో కొలవండి

వాచీలూ యంత్రాలూ అక్కర్లేదు. ఆడుతున్న పిల్లవాడు మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. అది మధ్యస్థం. రెండు మాటలకే ఆయాసం వస్తుంటే అది తీవ్రం. హాయిగా పాడుకుంటూ చేస్తున్నాడంటే ఇంకాస్త పెంచొచ్చు.

ఈ కొలత ఎందుకంటే, హార్మోన్లు దీన్ని బట్టే మారతాయి. మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చునే అధివృక్క గ్రంథులు కార్టిజాల్ అనే హార్మోన్ వదులుతాయి. రక్తంలోకి చక్కెరను తెచ్చి ఒంటిని సిద్ధం చేయడం దాని పని. నిద్ర లేచిన అరగంట, ముప్పావు గంటకు అది బాగా ఎక్కువగా ఉండి, సాయంత్రానికి తగ్గుతూ వస్తుంది. తేలికపాటి ఆటతో అది పెద్దగా పెరగదు. తీవ్రంగా ఆడితే పెరిగి, విశ్రాంతి తీసుకుంటే మళ్లీ దిగుతుంది. పెరగడం దిగడం ఆరోగ్యమే. కానీ కార్టిజాల్ బాగా ఎక్కువగా ఉన్న సమయంలో, నేర్చుకున్నదాన్ని గుర్తు తెచ్చుకోవడం కష్టమవుతుంది. అందుకే ఫైనల్ మ్యాచ్ ఆడి వచ్చిన పిల్లవాణ్ణి వెంటనే పద్యం అప్పజెప్పమనకండి. రాలేదంటే వాడు చదవలేదని అర్థం కాదు. ఓ గంట ఆగి అడగండి.

ఇంకో వైపు కూడా చూడండి. ఫిన్లండ్‌లో 8 ఏళ్ల పిల్లలు రోజంతా ఎంత కదులుతున్నారో యంత్రాలతో కొలిచి, తర్వాత వాళ్లను కొత్తవాళ్ల ముందు నిలబెట్టి కథ చెప్పమన్నారు, లెక్కలు చేయమన్నారు. 2013లో ఆ ఫలితాలు వచ్చాయి. తక్కువగా కదిలే పిల్లల్లో ఆ టెన్షన్‌కు కార్టిజాల్ పెరిగింది. బాగా కదిలే పిల్లల్లో పెద్దగా పెరగలేదు. పరీక్ష హాల్లో ప్రశ్నాపత్రం చేతికి రాగానే చేతులు చల్లబడే పిల్లల్ని చూసిన ప్రతి ఒక్కరూ దీని గురించి ఆలోచించాలి.

దీనికి సంబంధించి ఇంకో మాట. ఒకప్పుడు నేనూ ఆలస్యంగా వచ్చినవాళ్లను గ్రౌండ్ చుట్టూ పరుగెత్తించేదాన్ని. ఆ పిల్లలు పరుగంటేనే ముఖం తిప్పుకోవడం చూశాక మానేశాను. పరుగును శిక్షగా వాడకండి. మార్కులు తగ్గాయని ఆట కట్ చేసే శిక్షా వేయకండి.

మెడ వెనక ఒకసారి చూడండి

కండరాలు పనిచేసేటప్పుడు రక్తంలోని చక్కెరను నేరుగా లాక్కుంటాయి, ఇన్సులిన్ మీద భారం తగ్గుతుంది. రోజంతా కూర్చునే పిల్లల్లో, ముఖ్యంగా బరువు ఎక్కువగా ఉన్నవాళ్లలో, క్లోమం ఎక్కువ ఇన్సులిన్ వదలాల్సి వస్తుంది. దానికి కనిపించే గుర్తు ఒకటుంది. మెడ వెనక, చంకల్లో చర్మం నల్లగా, మందంగా, మఖమల్ గుడ్డలా మారుతుంది. చాలామంది అమ్మలు అది మట్టి అనుకుని సున్నిపిండి పెట్టి రుద్దుతారు. రుద్దితే పోదు, పిల్లకు మంట పుడుతుందంతే. పిల్లల డాక్టరుకు చూపించండి, ఆట సమయం పెంచండి.

ఇలాంటి పిల్లలకు చదువులోనూ ఆశ ఉంది. అమెరికాలోని జార్జియాలో బరువు ఎక్కువగా ఉండి, ఆటలు లేని 171 మంది 7 నుంచి 11 ఏళ్ల పిల్లల్లో కొందరితో రోజుకు 20 నిమిషాలు, కొందరితో 40 నిమిషాలు గెంతులాటలూ పరుగులాటలూ ఆడించారు. మూడు నెలలకు ముందుచూపుతో పనిచేసే శక్తి, లెక్కల మార్కులు మెరుగుపడ్డాయి. 40 నిమిషాల వాళ్లకు ఎక్కువ లాభం కనబడింది. మూడు నెలలని గుర్తుపెట్టుకోండి. వారం ఆడించి యూనిట్ టెస్ట్ మార్కులు చూసి నిరాశపడకండి.

ఆడపిల్లల ఆట ఆపకండి

ఏడో తరగతి దాకా ఖోఖోలో అందరికంటే ముందుండే పిల్ల, ఎనిమిదో తరగతిలో గోడ పక్కన కూర్చుంటుంది. అడిగితే తల దించుకుంటుంది. పెద్దమనిషయింది, ఇంట్లో వద్దన్నారు. నా ఉద్యోగంలో నన్ను అన్నిటికంటే బాధపెట్టేది ఇదే. సరిగ్గా హార్మోన్లు మారుతూ, మనసు ఊగిసలాడుతూ, నిద్ర చెదిరే వయసులోనే ఆ పిల్ల చేతిలోంచి ఆటను లాగేసుకుంటున్నాం.

ఆడితే మగరాయుడిలా తయారవుతుందన్న భయం పెట్టుకోకండి. ఆడపిల్లల ఒంట్లో కూడా కొద్దిగా టెస్టోస్టిరాన్ సహజంగానే ఉంటుంది, ఆటల వల్ల గొంతూ రూపూ మారిపోవు. నెలసరి రోజుల్లో ఒంట్లో బాగుంటే ఆడొచ్చు, చాలామందికి కడుపునొప్పి కూడా తగ్గుతుంది. నొప్పిగా ఉంటే నడిస్తే చాలు. ముదురు రంగు ట్రాక్ ప్యాంటు, మార్చుకోవడానికి ప్యాడ్లు, అడగడానికి ఒక మేడం ఉంటే సగం ఇబ్బంది పోతుంది. మొదటి రెండేళ్లు నెలసరి ముందూ వెనకా కావడం మామూలే. కానీ గట్టిగా ప్రాక్టీసు చేస్తూ, సరిగ్గా తినని పిల్లకు మూడు నెలలు వరసగా ఆగిపోతే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. ఒంటికి చాలినంత తిండి అందనప్పుడు మెదడు నెలసరిని నడిపే హార్మోన్లను ఆపేస్తుంది, ఎముకలు కూడా దెబ్బతింటాయి.

రెండు నిమిషాల పరుగుకే కూలబడుతుంటే బద్ధకం అనకండి, రక్తం పరీక్ష చేయించండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో 15 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉంది. అది ఆటనే కాదు, చదువు మీద దృష్టినీ లాగేస్తుంది. బడిలో వారానికొకటి ఇచ్చే ఇనుము మాత్ర, పదేళ్లు దాటినవాళ్లకు నీలం రంగుది, మింగుతోందో పారేస్తోందో ప్రేమగా అడగండి. టీతో వేసుకోవద్దనండి, భోజనంలో నిమ్మకాయ పిండండి.

రాత్రిని కాపాడండి

పొడుగు పెరగడానికి కావలసిన గ్రోత్ హార్మోన్‌ను పిట్యూటరీ గ్రంథి గాఢనిద్రలో, ముఖ్యంగా రాత్రి మొదటి భాగంలో ఎక్కువగా వదులుతుంది. పది నిమిషాలకు మించి గట్టిగా ఆడినప్పుడూ కొంత వదులుతుంది. పగలు నేర్చుకున్నది మెదడులో స్థిరపడేదీ నిద్రలోనే. 6 నుంచి 12 ఏళ్లవాళ్లకు 9 నుంచి 12 గంటలు, 13 నుంచి 18 ఏళ్లవాళ్లకు 8 నుంచి 10 గంటలు నిద్ర కావాలి. రాత్రి పదకొండుకు పడుకున్న పిల్లను తెల్లవారుజామున నాలుగింటికి లేపితే ఐదు గంటలే దక్కాయి. నాలుగింటికి లేవాల్సిందే అంటే ఎనిమిదింటికి పడుకోబెట్టాలి. సాయంత్రం ఆడిన పిల్లలు త్వరగా నిద్రపోతారు. పడుకునే ముందు గంటన్నరలో మాత్రం గట్టి ఆట వద్దు, ఫోనూ వద్దు.

ఎప్పుడు ఆపాలి

మార్చి మధ్య నుంచి, ఒంటిపూట బడులు మొదలయ్యాక, పొద్దున ఎనిమిదిలోపు లేదా సాయంత్రం ఐదున్నర తర్వాత మాత్రమే ఆడించండి. ఆడేటప్పుడు గుండెల్లో నొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం, పిల్లికూతలు ఉంటే ఆపించి డాక్టరుకు చూపించండి. ఇన్సులిన్ తీసుకునే పిల్లలకు ఆటలో చక్కెర పడిపోవచ్చు, జేబులో గ్లూకోజ్ ఉండాలి, ఆ సంగతి గేమ్స్ టీచరుకు తెలియాలి. జ్వరం వచ్చి తగ్గిన పిల్లలకు కొన్ని రోజులు నడక చాలు.

పరీక్షల నెలలో ఏం చేయాలి

ఆపకండి, తగ్గించండి. కొత్త ఆట మొదలుపెట్టవద్దు, దెబ్బలు తగిలే పోటీలు వద్దు. రోజుకు అరగంట షటిల్, స్కిప్పింగ్, చురుకైన నడక, ఏదైనా ఒకటి. గంట చదివాక ఐదు నిమిషాలు లేచి మెట్లు ఎక్కి దిగమనండి.

పరీక్ష రోజు పొద్దున లేచాక పదిహేను, ఇరవై నిమిషాలు మీరే పిల్లవాడితో నడవండి, మాట్లాడుకోగలిగే వేగంతో. దారిలో ఫార్ములాలు అడగకండి. ఇంటికొచ్చి స్నానం చేసి, రోజూ తినే టిఫినే తిననివ్వండి. సెంటర్ దూరమైతే బండి కాస్త ముందే ఆపి చివరి ఐదు నిమిషాలు నడిపించండి. గేటు దగ్గర హాల్ టికెట్ ఉందో లేదో చూసి, భుజం తట్టి లోపలికి పంపండి.